సడ్డకుడి మోటరు చూడబోయి

ఉదయం ఐదూ నలభైకి రేవులో పడవ కట్టేసి, ఇంజన్ మీద గోనెసంచి కప్పి, బ్యాగు భుజాన వేసుకున్నాను. మాది ఇబ్రహీంపట్నం మండలంలో గంగ ఒడ్డున ఉన్న ఊరు. గోదావరిని మా వైపు గంగ అనే అంటారు. ఇరవై ఏళ్లుగా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మనుషుల్ని, పసుపు బస్తాల్ని, మేకల్ని దాటిస్తున్నాను. నాకు ముందు మా నాన్న దాటించాడు. పొలాలకు నీళ్లు తోడే ఐదు గుర్రాల డీజిల్ ఇంజన్‌ను పడవలో బిగించి, దానికి పొడుగు రాడ్డు, రాడ్డు చివర పంకా తగిలించింది ఆయనే. ఆ ఇంజన్ చప్పుడు ఆవలి ఒడ్డు దాకా వినిపిస్తుంది. అది విన్నాకే అక్కడివాళ్లు మూటలు ఎత్తుకుని ఇంట్లోంచి బయల్దేరుతారు. నాకది ఇష్టం కావడానికి అంతకన్నా పెద్ద కారణం లేదు.

అయితే ఆ వానాకాలం గంగ నిండుగా ఉన్న ఒక రోజు ఇంజన్ నడిమధ్యలో ఆగి, పదహారు మందితో పడవ మైలు దూరం కొట్టుకుపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ ఊళ్లో భయం పట్టుకుంది. మా చేపల సంఘం పెద్ద నడిపి లచ్చయ్య నలుగురినీ కూర్చోబెట్టి, పడవ వెనక అంచుకు బిగించే అసలైన బోటు మోటరు తెద్దామన్నాడు. ఏది మంచిదో చూసి రమ్మని నన్నే పంపాడు. కోరుట్లలో ఒకరి దగ్గర ఉంది, జగిత్యాలలో ఒకటి మరమ్మతుకు వచ్చింది, మూడోది గంభీరావుపేట దగ్గర మా సడ్డకుడి దగ్గర ఉంది. సడ్డకుడంటే నా భార్య చెల్లెలి మొగుడు రాజేశం. అంతవరకు బాగానే ఉంది. లేచి పోబోతుంటే లచ్చయ్య వెనక నుంచి ఇంకో మాట అన్నాడు.

"మీ సడ్డకున్ని గూడ అడుగు. గల్ఫుల పదకొండేండ్లు బోటు నడిపినోడు గద. మోటరెంబడి వచ్చి మన నావ నడుపుతడేమో."

అంటే నా చుక్కాని రాజేశం చేతిలో పెట్టమని నాతోనే కబురు పంపుతున్నాడు. నేను తలూపాను. ఆ కబురు నోట్లో పెట్టుకుని నేను చేసిన రెండు రోజుల ప్రయాణం ఇది.

రాజేశం మీద నాకు కడుపుమంట కొత్తది కాదు. బహ్రెయిన్ నుంచి వచ్చేటప్పుడు అందరూ బంగారం, కంబళ్లు, అత్తరు సీసాలు తెస్తే ఇతను పాత బోటు మోటరొకటి కంబళిలో చుట్టి తెచ్చాడు. అది చూడడానికి మా అత్తగారి ఊరంతా కదిలింది. ఆ పండుగకు యాటను కోశారు. పెద్దల్లుడు ఉన్న ఇంట్లో మూలుగుండే నల్లి బొక్క మొదట పెద్దల్లుడికే వెయ్యాలి. మా మామ గంటెతో ఏరి మరీ తీసి, మోటరు కబుర్లు వింటూ వింటూ చిన్నల్లుడి పళ్లెంలో వేశాడు. రాజేశం అది నా పళ్లెంలోకి మార్చబోతే వద్దన్నాను. ఆ రోజు నుంచి ఆ మోటరు పేరెత్తితే నాకు అన్నం సహించదు. నా భార్య నర్సవ్వకు ఇదంతా తెలుసు. చెల్లెలికి ఇమ్మని పసుపు సంచి చేతికిస్తూ, "మొఖం గట్ల వెట్టుకొని పోకు, ఆళ్లేం జేసిండ్రు నిన్ను," అంది.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు కాబట్టి ఆర్టీసీ బస్సులు లేవు. ఆ రోజుల్లో ప్రయాణమంటే ఏ జీపు దొరికితే అది, ఎంత చెబితే అంత. ఆరున్నరకు ఆటోలో మెట్‌పల్లి చేరాను. అక్కడ పది మంది పట్టే జీపులో పదిహేడు మందిమి ఎక్కాం. నా పక్కన సమ్మెలో ఉన్న బడిపంతులు ఒకాయన కూర్చున్నాడు. బస్సులు మళ్లీ ఎప్పుడు నడుస్తాయని వెనక నుంచి ఒక ముసలమ్మ అడిగితే, "తెలంగాణ వచ్చినంక ఆ బస్సుల్నే కూసుందువు తియ్యవ్వా," అన్నాడు. ముసలమ్మ సరేనని సర్దుకు కూర్చుంది. దారిలో రెండు చోట్ల ముళ్లకంపలు వేసి ఆపారు, నినాదాలు ఇప్పించి వదిలారు.

ఎనిమిదీ పదికి కోరుట్ల. బస్టాండు ఎదురు బండి మీద మిర్చి బజ్జీలు, చాయ్ తీసుకున్నాను. ఆ దారిన వెళ్లేవాళ్లు ఆ బజ్జీలు ఎనిమిది లోపే తినాలి, తర్వాత నూనె మాడుతుంది.

కోరుట్లలో చేపల చెరువు పట్టిన సత్తయ్య ఇల్లు వెతుక్కుంటూ పోయాను. మోటరు ఎక్కడుందని అడిగితే పడకగదిలోకి తీసుకుపోయాడు. మంచం పక్కన, బియ్యం డ్రమ్ము మీద, చీర కప్పి ఉంది. రెండు గుర్రాలది, చిన్నపిల్లాడంత ఉంటుంది. రోజూ పొద్దున స్కూటరు ముందు నిలబెట్టుకుని చెరువుకు తీసుకుపోతాడు, సాయంత్రం అట్లాగే తెచ్చుకుంటాడు. దీంట్లో నీకు నచ్చిందేమిటని అడిగితే వేగం అనలేదు, బలం అనలేదు.

"ఇది నా ఇంట్లనే పండుకుంటది. రేయి కండ్లు మూస్తే నిద్ర వస్తది," అన్నాడు.

పెట్రోలు వాసనకు తలనొప్పని అతని భార్య బయట వసారాలో పడుకుంటోందట. అది కూడా గొప్పగానే చెప్పాడు. నా ఇంజన్ ఇరవై ఏళ్లుగా వానకు తడిసి ఎండకు ఎండుతూ రేవులోనే పడి ఉంటుంది, ఎవడూ ఎత్తుకుపోలేదు. ఎత్తుకుపోవాలని కూడా ఎవడికీ అనిపించలేదని సత్తయ్య ఇంట్లో నిలబడ్డాకే నాకు తట్టింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, రెండు గుర్రాల మోటరు మా గంగలో ఎదురీదలేదని తెలిసి కూడా దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

తొమ్మిదిన్నరకు మళ్లీ జీపు. పదిన్నర దాటాక జగిత్యాల చేరాను. అంగళ్ల షట్టర్లు సగం దించి ఉన్నాయి, సగం తెరిచి ఉన్నాయి. మోటార్లు బాగుచేసే షాపు సందులో ఉంది. లోపల నీళ్లు నింపిన పెద్ద డ్రమ్ముకు పదిహేను గుర్రాల మోటరు తగిలించి పరీక్ష చేస్తున్నారు. దాని యజమాని ధర్మపురి రేవులో యాత్రికులను తిప్పే శంకరయ్య. మోటరు మూతకు ఎర్రరంగు వేయించి, దాని మీద పసుపు, కుంకుమ పెట్టించుకున్నాడు. యాత్రికులు ఏ పడవ ఎక్కాలా అని నిలబడి చూసేది ముందు రంగునే అని అతని లెక్క. కానీ తనకు నచ్చింది అది కాదట.

"ఒక్క గుంజుడే. పొద్దుగాల మంచుల గూడ ఒక్క గుంజుడుకే లేస్తది. రెండోసారి గుంజినోన్ని చూస్తే జనం పక్క నావ ఎక్కుతరు."

నన్ను కూడా గుంజి చూడమన్నాడు. తాడు పట్టుకుని గుంజాను. లేవలేదు. మళ్లీ గుంజాను. మూడోసారి భుజం కలుక్కుమంది. శంకరయ్య వచ్చి చాయ్ గ్లాసు ఎడమచేతిలో ఉండగానే కుడిచేత్తో గుంజాడు, మోటరు లేచి డ్రమ్ములో నీళ్లు సుడులు తిరిగాయి. మెకానిక్ నవ్వాడు, నేనూ నవ్వాను. ఆ మోటరు మింగే పెట్రోలుకు మా ఊరు సరిపోదు, అది మొదట్నుంచీ తెలుసు. అయినా ఆ సందు దాటేదాకా భుజం నొప్పి కన్నా ఆ నవ్వే ఎక్కువ బాధించింది.

జగిత్యాలలో అన్నం తిని పన్నెండున్నరకు బయల్దేరితే వేములవాడకు మూడయింది. అక్కడ ఆటో మారి సిరిసిల్ల చేరేసరికి నాలుగు. ఎప్పుడు పోయినా ఆ ఊరు సాంచాల చప్పుడుతో అదురుతూ ఉండేది. సాంచాలంటే కరెంటుతో నడిచే మగ్గాలు. ఆ రోజు కరెంటు లేక వీధులకు వీధులే నిశ్శబ్దంగా ఉన్నాయి, మనుషులు అరుగుల మీద కూర్చుని ఉన్నారు. నాలుగున్నరకు గంభీరావుపేట జీపు దొరికింది. దిగేసరికి రాజేశం బండి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండు గంటల నుంచి నిలబడ్డానని అతను చెప్పలేదు, పక్కన సోడా బండివాడు చెప్పాడు. నా బ్యాగు నా చేతిలోంచి లాక్కుని ట్యాంకు మీద పెట్టుకున్నాడు.

అతని ఇల్లు మానేరు ప్రాజెక్టు కట్టకు దగ్గరలో ఉంది. పొద్దు గుంకక ముందే మోటరు చూపించాడు. ఎనిమిది గుర్రాల జపాన్ మోటరు, బూడిదరంగు. ఎక్కడా గీత లేదు. నేను తప్పు వెతకడానికే పోయాను. చోకు చూశాను, ప్లగ్గు చూశాను, గొట్టం పగిలిందేమో అని వేలితో తడిమాను. ఏమీ దొరకలేదు. అతను సంతోషపడి పనిముట్ల పెట్టె తెచ్చి నులక మంచం మీద అన్నీ పరిచాడు. అందులో అగరొత్తుల డబ్బా ఒకటి, దాంట్లో సగం వేలంత ఇత్తడి పిన్నులు నాలుగు ఉన్నాయి. పంకాను ఇరుసుకు పట్టి ఉంచేది ఆ పిన్నేనట.

"మెత్తది వెట్టిండ్రన్న కావాలనే. పంఖ మొద్దుకో రాయికో తాకితే ఇది తెగుతది, లోపలి పళ్లచక్రాలు బతుకుతయి. గట్టిది వెడితే అది తెగది, చక్రాలే పోతయి. గవి ఈడ యాడ దొరుకుతయి మనకు."

ఒక పిన్ను నా అరచేతిలో పెట్టాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి మళ్లీ డబ్బాలో వేశాను. ఈ మోటరంటే నీకెందుకింత ప్రేమ అని అడిగాను. మిగతా ఇద్దర్ని అడిగినట్టే అడిగానుగానీ నా గొంతు నాకే వెటకారంగా వినిపించింది.

"పదకొండేండ్లు అరబ్బు మాట నాకు రాదు, నా మాట ఆయనకు రాదు. దీని సప్పుడు ఒక్కటి నాకు సమజయ్యేది. వచ్చేటప్పుడు ఏం గావాలె అన్నడు ఆయన. దీన్ని చూపించిన."

అన్నాలకు కూర్చుంటే మరదలు పద్మ చేపల పులుసు వడ్డించింది. రాజేశం గంటె అందుకుని తలకాయ తీసి నా పళ్లెంలో వేశాడు. నల్లి బొక్క సంగతి అతనికి గుర్తుందని నాకర్థమైంది, అది నాకు ఇంకా మండింది. కోపం పెట్టుకోవడానికి కూడా చోటివ్వని మనిషితో ఎట్లా వేగాలి? లచ్చయ్య కబురు నాలుక చివరిదాకా వచ్చింది. పులుసుతో పాటు మింగేశాను.

మర్నాడు పొద్దున ఏడింటికి నన్ను పడవలో ఆవలి గట్టున రోడ్డు దగ్గర దింపుతానన్నాడు. ఒక్క గుంజుడుకే మోటరు లేచింది. కొంత దూరం పోయాక చుక్కాని పిడి నాకిచ్చాడు. నేనిన్నాళ్లూ నడిపింది పడవేనా అనిపించింది. వేలితో అదిమితే తిరుగుతోంది, చెవిలో మాట చెబితే వినబడుతోంది. మా ఊరివాళ్లు ఇది ఒక్కసారి ఎక్కితే నన్నూ నా ఇంజన్‌నూ కలిపి ఒడ్డున కట్టేస్తారు. ఆ ఆలోచనలో ఉండగానే నీళ్లలో మునిగిన తుమ్మ మొద్దు టప్పున తగిలింది. మోటరు మాత్రం గొల్లున అరుస్తోంది, పడవ కదలడం లేదు. పిన్ను తెగింది.

అగరొత్తుల డబ్బా మంచం మీదే ఉండిపోయింది. నాకు చూపించే సంబరంలో పెట్టెలో పెట్టడం మరిచాడు. రాజేశం గెడ నేలకు తన్ని పడవ కొట్టుకుపోకుండా పట్టుకున్నాడు, నువ్వే ఏదైనా చూడన్నా అన్నాడు. నేను పెట్టె తీశాను. అడుగున రెండు వస్తువులు కనిపించాయి. ఒకటి కరెంటు స్తంభాలకు వేసే లావుపాటి అల్యూమినియం తీగ ముక్క. రెండోది తల విరిగిన ఉక్కు మొల. తీగ మెత్తది, పిన్నుకు అదే సరి. నిన్ననే నా చేతిలో పెట్టి నేర్పిన పాఠం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. మొద్దులున్న ఈ నీళ్లలో ఉక్కు మొలతో ఆ మోటరు వారం బతకదు. ఇది పొరపాటున జరిగిందని ఎవరికైనా చెప్పుకోవచ్చు, ఇక్కడ మాత్రం చెప్పుకోను. నేను మొల తీసుకున్నాను.

మోటరును పైకి వంచి, పంకా ఊడదీసి, మొల దూర్చి, బిగించేసరికి పావుగంట పట్టింది. ఒక్క నట్టు కూడా వదులుగా వదల్లేదు. అది ఇప్పటికీ నన్ను భయపెడుతుంది.

"దొరికిందా అన్న?"

"దొరికింది."

"నీ చెయ్యి వడ్డదంటె ఇగ ఢోకా లేదు," అన్నాడు.

గట్టు చేరాక జీపు కోసం అరగంట నిలబడ్డాం. అప్పుడు రాజేశం ఎటో చూస్తూ అడిగాడు. ఎండాకాలం వస్తే మానేరు ఎండిపోతుంది, మోటరుకు మళ్లీ కంబళి చుట్టాలి, తిరిగి గల్ఫు పోవాలని లేదు. "మీ గంగ మీద ఏదన్న పనుంటె చెప్పన్న. నీ చేతికింద జేస్త."

ఊరు పంపిన కబురు నా నోట్లో ఉంది, అతను అడిగింది కూడా అదే. "చూద్దాం," అన్నాను. జీపు వచ్చింది. ఎక్కి వెనక్కి చూడలేదు.

పదిన్నరకు సిరిసిల్ల దగ్గర ఆగిపోయాం. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు నడుస్తోంది. బండ్లను కదలనివ్వకుండా అక్కడే వండి, అక్కడే అందరికీ పెట్టే పద్ధతి అది. ఒక పక్క డప్పులు, పాటలు, ఒక పక్క గంగాళాల్లో పప్పు. రోడ్డు తెరిచేసరికి రెండు దాటుతుందన్నారు. ఆ రోజుల్లో అటు పోయినవాళ్లకు భోజనం ఖర్చు ఉండేది కాదు, పొద్దు మాత్రం పోయేది. పన్నెండున్నరకు తారురోడ్డు మీద విస్తళ్లు వేశారు. జీపులోని వాళ్లమంతా వరుసలో కూర్చున్నాం.

నా పక్కన కూర్చున్నది సాంచాలు నడిపే ఒక నడివయసు మనిషి. అతని భుజాన తెగిపోయిన తోలు పట్టీ వేలాడుతోంది, కొత్తది కొనడానికి వచ్చి వంటావార్పులో కూర్చున్నాడట. నా నోరు ఊరుకోలేదు. గట్టిది వేయించుకోకపోయావా, మాటిమాటికీ తెగడం ఎందుకన్నాను. అతను అన్నం కలుపుతూ నా వైపు చూశాడు.

"ఇది తెగాలె సారు. ఇది తెగకుంటె లోపల ఇనుము ఇరుగుతది. పగోని సాంచకు గూడ గట్టి పట్టీ ఎయ్యరు ఎవ్వలు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నాకు. అతను నా సంగతి ఎరిగి అన్నది కాదు, మళ్లీ అన్నంలో పడ్డాడు. నేను కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలేశాను. ఈపాటికి రాజేశం ఎన్నిసార్లు నీళ్లలోకి పోయి ఉంటాడు, ఎన్ని మొద్దులు తగిలి ఉంటాయి? పదకొండేళ్లు ఆ మనిషి మాట విన్నది ఆ మోటరు ఒక్కటే. విస్తరి ముందు నుంచి లేచి, డప్పుల చప్పుడు వినబడని ఒక గోడ చాటుకు పోయి ఫోన్ చేశాను.

"రాజేశం, మోటరు నీళ్లల్ల దించకు. నేను వెట్టింది ఉక్కు మొల."



"ఎరుకే అన్న. నువ్వు జీపెక్కంగనే తీసిన."

"ఎట్ల తెలిసింది?"

"పెట్టెల తీగ గట్లనే ఉన్నది గద."

అంతే అన్నాడు. ఎందుకు పెట్టావని అడగలేదు. తిడితే బాగుండు, నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఇంకేం దాచాలి అనిపించింది. మా రేవుకు రమ్మని ఊరు కబురు పంపిందని, మోటరు తెచ్చి పడవ నువ్వే నడపాలని లచ్చయ్య అన్నాడని, అది నిన్న చెప్పాల్సింది చెప్పలేదని ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

"లచ్చయ్య రమ్మంటుండా, నువ్వు రమ్మంటున్నవా?" అని అడిగాడు రాజేశం.

ఇరవై ఏళ్లలో ఎవరినీ అవతలి ఒడ్డునే వదిలేసి రాలేదు నేను.

"నేనే రమ్మంటున్న," అన్నాను.

రెండూ ఇరవైకి రోడ్డు తెరిచారు. మూడింటికి వేములవాడ, అక్కడి నుంచి చందుర్తి, రుద్రంగి మీదుగా కోరుట్ల పోయే జీపు దొరికింది. జగిత్యాల చుట్టూ తిరగనక్కర్లేదు, ఈ దారే దగ్గర, కాకపోతే గుంతలు ఎక్కువ. పసుపు చేల మధ్య జీపు ఊగుతూ పోతుంటే నేను చూసిన మోటార్లన్నీ వరుసగా గుర్తొచ్చాయి. సత్తయ్యకు నిద్ర పట్టించేది ఒకటి, శంకరయ్యకు నలుగురిలో పరువు నిలిపేది ఒకటి, రాజేశానికి మాట తోడుగా ఉన్నది ఒకటి. ఎవరి కారణం వాళ్లది. గుర్రాల లెక్క ఎవరూ చెప్పలేదు. మా ఇంజన్ చప్పుడు ఆగిపోతే ఆవలి ఒడ్డువాళ్లు ఏం విని బయల్దేరతారో అదొక్కటే నాకు తోచలేదు.

రుద్రంగి దాటాక లచ్చయ్య ఫోన్ చేశాడు. ఏది మంచిదని అడిగాడు. ఎనిమిది గుర్రాలదన్నాను, దసరా దాటగానే వస్తుందన్నాను. నడిపేవాడు కూడా వస్తున్నాడా అన్నాడు. వస్తున్నాడన్నాను.

"మరి నువ్వు?"

బయల్దేరినప్పటి నుంచి నేను తప్పించుకు తిరిగిన ప్రశ్న అదే.

"నావ ముందు కొసకు గెడ వట్టుకొని నిలవడ్త. మన గంగల రాళ్లు యాడున్నయో ఆయనకు ఎరుక లేదు," అన్నాను.

ఆ మాట అంటుంటే కడుపులో మంట ఏమీ తగ్గలేదు. అయినా అన్నాను.